చిలక కొట్టిందా, గబ్బిలం కొరికిందా?

చిలక కొట్టిన పండు తియ్యన అన్నది మా నూజివీడు సీమలో పిల్లలకు ఉగ్గుపాలతో వచ్చే చదువు. వేసవి సెలవుల్లో తెల్లవారకముందే తోటలోకి పరుగెత్తడం, రాత్రి రాలిన పండ్లలో గాటుపడిన దానికోసం వెతకడం, అది ముందు నాకు కనబడిందంటే నాకు కనబడిందని జుట్లు పట్టుకోవడం - ఇదంతా ఇక్కడ పుట్టినవాళ్ళెవరికీ కొత్తకాదు. పండు పక్వం చిలకకు తెలిసినట్టు మనిషికి తెలియదని మా నాయనమ్మ అనేది. గాటుపడిన మేరకు చాకుతో చెక్కి పారవేసి, మిగిలిన పండు మా చేతిలో పెట్టేది. మేము సొన కారుతున్నా లెక్కచెయ్యక మోచేతులదాకా రసం కార్చుకుంటూ తినేవాళ్ళం.

అరవై ఏళ్ళు వచ్చేదాకా ఆ మాటను నేను శంకించలేదు. 2018 మే నెలలో ఒక ఉదయం శంకించవలసి వచ్చింది.

ఆ రోజు నేను అరుగుమీద కూచుని పత్రిక చదువుతున్నాను. కేరళలో కోళికోడు దగ్గర ఒకే ఇంట్లో వరసగా మనుషులు చనిపోయారనీ, జబ్బుపేరు నిపా అనీ, అది పండ్లు తినే గబ్బిలాలనుంచి వస్తుందనీ రాశారు. సరిగ్గా ఆ వాక్యం మీద నా కళ్ళుండగానే ఆరేళ్ళ మా మనవరాలు తోటలోనుంచి వచ్చి, "తాతయ్యా, చిలక కొట్టిన రసం!" అంటూ చెయ్యి చాపింది. చిన్నరసం. నిగనిగలాడుతూ ఉంది. ఒక పక్క ఇంత మేర కొరికి ఉంది. మరో పక్క పిల్ల అప్పటికే నోరు పెట్టబోతున్నది.

నేను ఆ పండును చేతిలోనుంచి ఎగరగొట్టాను. పిల్ల బిత్తరపోయి ఏడుపు లంకించుకుంది. మా ఆవిడ లోపలినుంచి వచ్చి, "పసిదాన్ని అంతలా అదలించాలా?" అని కోప్పడింది. నిజమే. చిలక పగటిపూట తింటుంది, గబ్బిలం రాత్రిపూట తింటుంది. తెల్లవారి నేలమీద దొరికిన పండును చూసి ఏది కొరికిందో నేను చెప్పగలనా? అరవై ఏళ్ళుగా చిలకపేరు చెప్పి మేము తిన్నవాటిలో గబ్బిలం ఎంగిలి ఎంతో!

మర్రిచెట్టు మీద తగువు

మా తోట నూజివీడుకూ ఆగిరిపల్లికీ నడుమ ఉంది. చిన్నరసాలు, పెద్దరసాలు, బంగినపల్లి, కాసిని కలెక్టరు కాయలు. తోటకు ఉత్తరంగా చెరువుగట్టుమీద ఒక ముసలి మర్రి. పగలంతా దాని కొమ్మలకు పెద్దగబ్బిలాలు నల్లని గుడ్డపేలికల్లాగా తలకిందులుగా వేలాడుతూ ఉంటాయి. పొద్దుగూకేసరికి ఒక్కొక్కటే రెక్క విప్పుకుని బయలుదేరుతుంది. రెక్కల ఈ కొసనుంచి ఆ కొసకు నాలుగడుగులు పైచిలుకే ఉంటుంది. చిన్నప్పుడు మేము వాటిని లెక్కపెట్టబోయి, లెక్కతప్పి, మళ్ళీ మొదటికి వచ్చేవాళ్ళం.

కేరళ కబురు తెలిసిన రెండో రోజునే మా బావగారు వచ్చారు. ఆయన తోట మా తోటకు ఆనుకునే ఉంది. "బావా, ఆ మర్రి కొట్టించేద్దాం. సీజను మధ్యలో ఎవరికైనా జ్వరం వచ్చిందో, నూజివీడు పండంటే కొనేవాడుండడు. గల్ఫుదేశాలు అప్పుడే కేరళ పండ్లు వద్దంటున్నాయట" అన్నారు. ఆయన భయంలో అన్యాయమేమీ లేదు. ఏడాది పొడుగునా పెట్టిన పెట్టుబడి మా ప్రాంతంలో రెండు నెలల్లో తిరిగి రావాలి. పుకారు ఒకటి నున్న మార్కెట్టుదాకా వెళితే, ఆ ఏటికి రైతు పని ఐపోయినట్టే.

నేను సరేనని తల ఊపబోతుంటే, తోట కాపలా ముసలాయన, ఎప్పుడూ మా మాటల్లోకి రానివాడు, చుట్ట పక్కన పెట్టి అన్నాడు: "కొట్టిస్తే కొట్టించండి బాబుగారూ. మరి అయ్యి ఎక్కడికి పోతాయండీ? చచ్చిపోవు గదా. ఇప్పుడు ఒక్కచోట ఉన్నాయి. రేపు ఊరంతా చెదిరి మన మామిడిచెట్లమీదే కాపరం పెడతాయి."

బావగారు వారం రోజులు గడువిచ్చారు. ఆ వారంలోను, ఆ తరువాత ఇన్నేళ్ళలోను నేను చదివి, అడిగి తెలుసుకున్నదే ఇక్కడ చెబుతున్నాను. ముసలాయన మాటలో ఎంత శాస్త్రముందో నాకు అప్పుడు తెలియదు.

కోళికోడులో జరిగింది

2018 మే నెలలో కోళికోడు జిల్లా పేరాంబ్ర ప్రాంతంలో ఈ జబ్బు బయటపడింది. జ్వరం, తలనొప్పి, మగత, ఊపిరి అందకపోవడం, ఆపైన స్పృహ తప్పడం - ఇవీ లక్షణాలు. మణిపాల్ పరీక్షాశాలలో పసికట్టి, పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థలో ఖాయం చేశారు. ప్రభుత్వం లెక్కలో 17 మంది మరణించారు. వారిలో పేరాంబ్ర తాలూకా ఆస్పత్రి నర్సు లినీ పుతుస్సేరి ఒకరు. మొదటి రోగులకు సేవచేస్తూ జబ్బు తగిలించుకుని మే 21న కన్నుమూసింది. ఇద్దరు పసిబిడ్డల తల్లి.

మనం గుర్తుంచుకోవలసిన విషయం ఇక్కడే ఉంది. చనిపోయినవాళ్ళలో ఎక్కువమంది గబ్బిలాన్ని చూసినవాళ్ళు కారు, పండు తిన్నవాళ్ళూ కారు. రోగి దగ్గర, ఆస్పత్రి వరండాలో, పక్కమంచం దగ్గర ఉన్నవాళ్ళు. గబ్బిలం నుంచి మనిషికి ఒక్కసారి దాటింది. ఆ తరువాత మనిషినుంచి మనిషికి పాకింది.

ఆ ఇంటి బావిలో కొన్ని గబ్బిలాలు కనబడితే, ఇవే కారణమని అందరూ అనుకున్నారు. పట్టి పరీక్షచేస్తే వాటిలో ఏమీ లేదు. అవి పురుగులు తినే చిన్న జాతివి. తరువాత ఆ చుట్టుపక్కల పండ్లు తినే పెద్దగబ్బిలాలను పరీక్షిస్తే వాటిలో కొన్నింటిలో వైరసు జాడ దొరికింది. కాని మొదటి రోగికి అది సరిగ్గా ఏ దారిన వచ్చిందో రుజువు కాలేదు. పండనే అనుమానం అనుమానంగానే ఉండిపోయింది. కేరళలో 2021లోను, 2023లోను మళ్ళీ ఈ జబ్బు ప్రాణాలు తీసింది. ఐతే ప్రతిసారీ ఆ రాష్ట్రంవారు రోగిని తాకిన ప్రతి మనిషిని వెతికి, విడిగా ఉంచి, నాలుగు చేతులలోనే దాన్ని ఆపివేశారు.

మామిడిచెట్టు కింద పందులదొడ్డి

అసలు నిపా అనే పేరు ఎక్కడిదని వెతుకుతూ వెళ్ళిన నాకు మొదట ఎదురైనది మామిడిచెట్టే! ఆశ్చర్యపోకండి.

మలేషియాలో ఇపో అనే పట్టణం దగ్గర ఒక పెద్ద పందుల క్షేత్రం ఉండేది. ఆదాయం రెండు విధాలుగా వస్తుందని దొడ్లపక్కనే మామిడిచెట్లు వేశారు. చూడడానికి మంచి ఏర్పాటే. మన ఊళ్ళలో పశువులపాక మీద మామిడికొమ్మ వాలినట్టే. ఐతే మామిడి పండితే గబ్బిలం రాకమానదు. గబ్బిలం పండును మనలాగా మింగదు. నమిలి, రసం పీల్చి, పిప్పి ఉమ్మేస్తుంది. సగం తిని జారవిడుస్తుంది. ఆ ఎంగిలి పిప్పి, ఆ సగంపండు కిందనున్న దొడ్డిలో పడ్డాయి. పంది తిన్నది. గబ్బిలానికి ఏమీ చెయ్యని వైరసు పందికి దగ్గు, రొప్పు తెప్పించింది. పందినుంచి పందికి, పందినుంచి కాపరికి దాటింది.

1998 సెప్టెంబరులో మనుషులకు జబ్బు కనబడ్డప్పుడు అక్కడివారు మెదడువాపు అనుకున్నారు. పందులు, దోమలు, మెదడువాపు - ఈ మూడింటి సంబంధం వైద్యులకు ముందే తెలుసు గదా. దోమలమందు చల్లారు, టీకాలు వేశారు. జబ్బు మాత్రం ఆగలేదు. దోమే కారణమైతే పిల్లలకూ, ఇరుగుపొరుగులకూ రావాలి. ఇదేమో పందులను చేత్తో పట్టే పెద్దవాళ్ళకే వస్తున్నది. టీకా వేయించుకున్నవాళ్ళూ పడిపోతున్నారు. లెక్క ఎక్కడో తప్పింది. జబ్బు పడిన పందులను అమ్ముకుంటూ పోవడంతో అది దక్షిణాన మరో రాష్ట్రానికి పాకింది. 1999 మార్చిలో కౌలాలంపూరులోని మలయా విశ్వవిద్యాలయంలో కా బింగ్ చువా అనే వైద్యుడు రోగి వెన్నునీటిలో అంతవరకు ఎవరూ ఎరగని వైరసును కనుగొన్నాడు. ఆ రోగిది సుంగై నిపా అనే గ్రామం. ఆ ఊరిపేరే జబ్బుపేరు ఐపోయింది, పాపం.

మలేషియాలో 265 మందికి సోకితే 105 మంది మరణించారు. అక్కడి పందులను దిగుమతి చేసుకున్న సింగపూరు కబేళాలో 11 మందికి జబ్బుచేసి ఒకరు చనిపోయారు. పదిలక్షలకు పైగా పందులను చంపవలసి వచ్చింది. ఎన్నో కుటుంబాలు నిలువునా మునిగిపోయాయి.

అప్పుడు చువా, అతని తోటివాళ్ళు గబ్బిలాలవైపు చూశారు. తియోమన్ అనే దీవిలో గబ్బిలాలు వేలాడే చెట్లకింద ప్లాస్టిక్ గుడ్డలు పరిచి, రాత్రి తిరిగి వచ్చినవి పోసిన మూత్రాన్ని పట్టారు. సగం కొరికి పారేసిన పండ్లను పరీక్షించారు. మూత్రంలో వైరసు దొరికింది. ఒక పండుమీదా దొరికింది. అది చదివినప్పుడు నా చేతిదెబ్బకు మా పిల్ల చేతిలోనుంచి ఎగిరిపడిన చిన్నరసం కళ్ళముందు కదిలింది.

తరువాత మలేషియావారు ఏంచేశారనుకున్నారు? గబ్బిలాలను మట్టుపెట్టలేదు. పందుల దొడ్లకు పండ్లచెట్లు దూరంగా ఉండాలన్నారు. పందుల క్రయవిక్రయాలమీద నిఘా పెట్టారు. 1999 తరువాత ఆ దేశంలో నిపా మళ్ళీ చెలరేగలేదు. గబ్బిలాలు మాత్రం ఇప్పటికీ ఉన్నాయి. వాటిలో వైరసూ ఉంది.

లొట్టిలో నాలుక

మన పొరుగు బంగ్లాదేశంలో కథ వేరు. అక్కడ పంది లేదు, మామిడి లేదు. చలికాలంలో ఈతజాతి చెట్లను గీసి, రాత్రంతా రసం కుండలోకి కారనిచ్చి, తెల్లవారి పచ్చిదే తాగుతారు. 2001 నుంచి దాదాపు ఏటా అక్కడ ఈ జబ్బు కనబడుతూ వచ్చింది. మూడువందలకు పైగా మందికి సోకింది. నూటికి డెబ్బైమంది దాకా చనిపోయారు. ఎందుకా అని రాత్రిపూట చీకట్లో చూడగల కెమేరాలు చెట్లకు కట్టిచూస్తే, గబ్బిలాలు వచ్చి గీతదగ్గర కారే రసాన్ని నాకుతూ కనబడ్డాయి.

దానికి వాళ్ళు కనుక్కున్న ఉపాయం మన గీతపనివాడు నవ్వుకునేంత చిన్నది. వెదురుబద్దలతోనో, జీలుగ కాడలతోనో చిన్న తడిక అల్లి, గీతనూ కుండనూ కలిపి కప్పారు. గబ్బిలం ముఖం దూరలేదు. కాచిన రసంతో బెల్లం వండితే ఆ వేడికి వైరసు బతకదు. అంతే! కోట్లు పెట్టి కట్టిన పరీక్షాశాలలు కనిపెట్టిన జబ్బుకు విరుగుడు రెండు మూళ్ళ తడిక.

మన తాళ్ళకూ ఈతలకూ రాత్రిళ్ళు గబ్బిలాలు రావా? వస్తాయి. ఈ దేశంలో 2001లోనే, పశ్చిమబెంగాలులోని సిలిగురిలో, 66 మందికి నిపా సోకి 45 మంది చనిపోయారు. అప్పుడు దాని పేరే తెలియలేదు. దాచిన నమూనాలవల్ల కొన్నేళ్ళకు తెలిసింది. అక్కడకూడా ఆస్పత్రుల్లోనే ఎక్కువ పాకింది. మనకు ఇరుగుపొరుగైన తమిళనాడు, కర్ణాటకల్లో గబ్బిలాల నెత్తుటిలో ఈ వైరసును ఎదుర్కొన్న గుర్తులు కనబడ్డాయి. కాబట్టి మన పొలిమేరల్లో లేదుగదా అని గుండెమీద చెయ్యివేసుకుని నిద్రపోవడానికి లేదు. అలాగని గుండెలు బాదుకోవలసిన పనీ లేదు.

చంపితే పోతుందా?

బావగారి ప్రశ్నకు రావాలి. గబ్బిలాలనే లేకుండా చేస్తేనో?

ఆఫ్రికాలో యుగాండా దేశస్థులు ఆ పని చేసిచూశారు. అక్కడ కిటాకా అనే గనిలో 2007లో పనివాళ్ళకు మార్బర్గ్ అనే మరో గబ్బిలాల వైరసు సోకింది. గనివాళ్ళు కోపంకొద్దీ గుహలో గబ్బిలాలను దాదాపు పూర్తిగా చంపేశారు. కొన్నేళ్ళకు కొత్త గబ్బిలాలు వచ్చి చేరాయి. పరీక్షిస్తే, పూర్వం నూటికి ఐదింటిలో ఉన్న వైరసు ఇప్పుడు నూటికి పదమూడింటిలో కనబడింది. 2012లో ఆ చుట్టుపక్కలే జబ్బు మళ్ళీ లేచింది. పాతవాటిలో చాలా వాటికి ఒకసారి వైరసు వచ్చిపోయి తట్టుకునే శక్తి ఉంటుంది. వాటిని చంపితే ఆ చోటికి ఏ శక్తీ లేని కొత్తవి వస్తాయి. జబ్బుకు కొత్త ఇల్లు కట్టించి ఇచ్చినట్టే గదా!

ఆస్ట్రేలియాలో నిపాకు పినతల్లి బిడ్డలాంటి వైరసు 1994లో గబ్బిలాల నుంచి గుర్రాలకు, గుర్రాలనుంచి మనుషులకు వచ్చింది. దాని పేరు హెండ్రా. అక్కడివారు ఏళ్ళతరబడి గమనించి తేల్చినదేమంటే, అడవిలో పూలచెట్లు కొట్టివేయగా తిండి దొరకని ఏడు గబ్బిలాలు గుర్రాల మైదానాల్లోకి, ఇళ్ళ తోటల్లోకి వస్తాయి. ఆకలితో నీరసించినప్పుడే వాటి మూత్రంలో వైరసు ఎక్కువగా పడుతుంది.

మా కాపలా ముసలాయన అన్నది ఇదే. "అయ్యి ఎక్కడికి పోతాయండీ?"

గబ్బిలంవల్ల మనకు ఉపకారం లేకపోలేదు. రాత్రిపూట విచ్చే పూలకు పుప్పొడి మోస్తుంది. మర్రి, ఇప్పవంటి చెట్ల విత్తనాలను కోసులకొద్దీ చల్లుతుంది. ఏడాదికి ఒక్క పిల్లనే కంటుంది గనుక, చంపితే అంత తొందరగా కోలుకోదు. 1972 నాటి వన్యప్రాణి చట్టంలో పండ్లు తినే గబ్బిలాన్ని ఎలుకలతో, కాకులతో కలిపి హానికర జంతువుల పట్టికలో వేశారు. 2022 సవరణతో ఆ పట్టికనే తీసివేశారు. మన సాహిత్యంలో ఐతే జాషువాగారు 1941లోనే దానికి గౌరవస్థానం ఇచ్చారు. గుడిలోకి రానివ్వని మనిషి గోడు శివుడికి చెప్పిరమ్మని పంపింది గబ్బిలాన్నేగదా.

మన గడపలోకి వచ్చినవి

ఇదంతా గబ్బిలం గొడవ, మాకేం అనుకోకండి. జంతువునుంచి మనిషికి దాటే జబ్బు మన రాష్ట్రంలో పిల్లల్ని తీసుకుపోయింది. 2003 జూన్ నుంచి ఆగస్టు దాకా నాటి ఉమ్మడి రాష్ట్రంలో 329 మంది పిల్లలకు జ్వరం, మూర్ఛ వచ్చి 183 మంది చనిపోయారు. పొద్దున్న ఆడుకున్న పిల్ల మర్నాటికి లేదు. అది చండీపురా వైరసు. 1965లో నాగపూరు దగ్గర ఆ పేరుగల ఊళ్ళో మొదట దొరికింది. మట్టిగోడల నెర్రెల్లో, పశువుల పాకల్లో చేరే ఇసుక ఈగ దాన్ని మోస్తుంది. గోడ నెర్రెలు మెత్తి, పేడకుప్ప ఇంటికి దూరంగా వెయ్యడంకూడా వైద్యమేనని చాలామందికి అప్పుడు తెలిసివచ్చింది.

2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్ళఫారాల్లో లక్షల కోళ్ళు చచ్చాయి. భోపాలు పరీక్షాశాల బర్డ్ ఫ్లూ అని తేల్చింది. మా ఏలూరు జిల్లాలోనూ ఒక ఫారంలో కనబడింది. మార్చిలో పల్నాడు జిల్లాలో రెండేళ్ళ పాప అదే వైరసుతో చనిపోయింది. పచ్చి కోడిమాంసం ముక్క నోట పెట్టుకున్నదని పత్రికలు రాశాయి. ఉడికిన కోడికూరతో ఎవరికీ ఏమీ కాలేదు. పచ్చిముక్క దగ్గరే ప్రమాదం.

ఇప్పుడు ఈ కథలన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. మలేషియాలో పందులదొడ్డి, బంగ్లాదేశంలో కుండ, చండీపురాలో గోడనెర్రె, పల్నాటిలో పచ్చిముక్క. జంతువు ఎక్కడుండవలసినచోట అక్కడే ఉంది. మధ్యన వంతెన వేసింది మాత్రం మనమే. వంతెన తీసివేస్తే చాలు. ఆవలి ఒడ్డును తగలబెట్టనక్కరలేదు.

మేము తీసివేసిన వంతెనలు

వారం తిరిగి బావగారు వచ్చేసరికి నేను కాగితంమీద నాలుగు ముక్కలు రాసి ఉంచాను. ఇద్దరం అరుగుమీద కూచుని గంటసేపు వాదించుకున్నాం. చివరికి మర్రి జోలికి పోరాదని తేలింది. మా వల్ల అయిన పనులు మాత్రం ఆ వేసవిలోనే చేశాం.

మా గేదెలపాక పెద్దరసం చెట్టుకింద ఉండేది, నీడ బాగుంటుందని. దాన్ని తోట అవతలికి మార్చి పైన తాటాకు కప్పించాం. రాలిపడిన కొరుకుడు పండ్లను పూర్వం గేదెల కుడితిలో వేసేవాళ్ళం. అది మానుకున్నాం. మలేషియాలో కుక్కలకు, పిల్లులకు, గుర్రాలకుకూడా ఆ వైరసు సోకింది మరి. తెల్లవారగానే ముసలాయన రాలుపండ్లను పారతో ఎత్తి గోతిలో వేసి మట్టి కప్పుతాడు. చేత్తో తియ్యడు. బావిమీద వల పరిచాం. మంచినీళ్ళ తొట్టికి మూత పెట్టాం.

ఇంట్లో మా ఆవిడ చట్టం వేరే. గాటుపడిన పండు గుమ్మం దాటి లోపలికి రాకూడదు. చెక్కి తినడం లేదు, తాండ్రలో కలపడం లేదు. మామిడి గుజ్జుమీద ఈ జాతి వైరసులు ఎంతసేపు బతుకుతాయో పరీక్షచేసి చూశారు. ఒక్కోసారి రెండు గంటల్లో చస్తాయి, ఒక్కోసారి రెండురోజులు దాటినా ఉంటాయి. మండుటెండలో ఆరితే తొందరగా నశిస్తాయి. నీడలో, తడిలో ఉంటేనే భయం. కాబట్టి చెక్కితే పోతుందిలే అన్న నాయనమ్మ లెక్క ఇక చెల్లదు.

ఇక రసాలు. బంగినపల్లి ఐతే తొక్క తీసి ముక్కలు కోస్తాం. చిన్నరసం పిసికి, ముచ్చిక తీసి, తొక్కతోనే నోట పెట్టుకుని చీకుతాం. అందుచేత నీళ్ళలో నానవేసి, చేత్తో రుద్ది కడిగిగాని తినకూడదు. నానవేస్తే వేడి చెయ్యదని మన పెద్దవాళ్ళు ఎలాగూ చెప్పేవారు. కారణం ఏదైనా, పని మంచిదే.

పట్నాలలో నూజివీడు పండు కొనుక్కునే అక్కచెల్లెళ్ళకు ఒకమాట. మార్కెట్టుకు వచ్చే కాయను మేము చెట్టుమీద పండనివ్వం. పరువానికి వచ్చిన పచ్చికాయనే చిక్కంతో కోసి మాగవేస్తాం. గబ్బిలానికి కావలసినది చెట్టుమీద పండిన పండు. పచ్చికాయ జోలికి అది సాధారణంగా రాదు. కాబట్టి ఆవకాయ మానకండి, రసాలు మానకండి. గాటులేని పండు కొనండి, కడుక్కుని తినండి. పచ్చి కల్లు, నీరా తాగే అలవాటున్న మగవాళ్ళు మాత్రం లొట్టికి మూత ఉన్నదా అని గీసేవాణ్ణి ఒక్కమాట అడగడం మంచిది.

అన్నిటికన్నా ముఖ్యమైనది చివర చెబుతున్నాను. జ్వరంతోపాటు మగత, మాట తడబాటు, ఊపిరాడకపోవడం కనబడితే ఇంట్లో పెట్టుకుని చిట్కాలు చెయ్యకండి. ఆస్పత్రికి తీసుకువెళ్ళి, పశువులు, కోళ్ళు, గబ్బిలాలు, ఎంగిలిపండ్లు - వీటితో ఏ పొత్తు కలిగినా దాచకుండా డాక్టరుకు చెప్పండి. దగ్గర ఉండేవాళ్ళు ముక్కు నోరు కప్పుకుని, చేతులు సబ్బుతో కడుక్కోవాలి. నిపాకు అనుమతి పొందిన టీకా ఇంకా లేదు. మనుషులపై ఒక టీకా పరీక్ష 2024 జనవరిలో ఆక్స్‌ఫర్డులో మొదలైంది. అది వచ్చేదాకా మనకున్న మందు జాగ్రత్త ఒక్కటే.

మొన్న వేసవిలో మా మనవరాలు మళ్ళీ వచ్చింది. ఇప్పుడు హైస్కూలు చదువు. పొద్దున్నే తోటలోకి వెళ్ళి, బుట్టలో పండ్లు తెచ్చి, నా ముందు ఒక్కొక్కటే తిప్పి చూపించింది. "గాటు లేదు తాతయ్యా. చూసుకో" అంది. చూశాను. తొట్టిలో వేసి కడిగి ఒకటి నాకిచ్చి, ఒకటి తాను తీసుకుంది.

బుట్ట అడుగున ఆకులో చుట్టిన పండు ఒకటి మిగిలింది. ఒక పక్క గాటు ఉంది. "ఇదెందుకు తెచ్చావే?" అన్నాను. "చిలక కొట్టింది తాతయ్యా, నేను చూస్తుండగానే కొట్టింది. ఒట్టు" అంది.

నేను ఆలోచించాను. అది నిజమే చెబుతున్నదని నాకు తెలుసు. ఐనా పండును పారతో ఎత్తి గోతిలో వేయించాను. పిల్ల ఈసారి ఏడవలేదు. "చిలక కొట్టిన పండు తియ్యన అంటారుగదా, నిజంగా తియ్యగా ఉంటుందా?" అని మాత్రం అడిగింది.

ఉంటుందమ్మా అన్నాను. అబద్ధం చెప్పడమెందుకు?

సాయంత్రం ఇద్దరం చెరువుగట్టుకు వెళ్ళాం. మర్రిమీదనుంచి గబ్బిలాలు లేస్తున్నాయి. పిల్ల లెక్కపెట్టడం మొదలుపెట్టింది. నూరు దాటాక లెక్క తప్పి, మళ్ళీ మొదటికి వచ్చింది.